ముళ్లివాయ్‌క్కాల్ నుంచి జెనీవాకు ఒక అర్జీ

ఐక్యరాజ్యసమితిలో బలవంతపు అదృశ్యాలపై పనిచేసే కార్యవర్గానికి పంపే ఫారంలో ప్రశ్నలు చాలానే ఉంటాయి గాని, తప్పనిసరిగా జవాబు రాయవలసినవి కొన్నే. మనిషి పూర్తి పేరు, మాయమైన రోజు, నెల, సంవత్సరం, చివరిసారి కనిపించిన చోటు, ఎవరు తీసుకుపోయారని కుటుంబం నమ్ముతోంది, ఇంతవరకు ఎక్కడెక్కడ వెతికారు, అర్జీ పెడుతున్నది ఎవరు, కుటుంబం సమ్మతి ఉందా లేదా. చూడబోతే ఇది రేషన్ కార్డు దరఖాస్తు కంటె కష్టమైనదిగా కనిపించదు. శ్రీలంకలో సైన్యానికీ తమిళ పులులకూ (ఎల్‌టీటీఈ) మధ్య సాగిన యుద్ధం ముళ్లివాయ్‌క్కాల్ తీరంలో ముగిసిన రోజున కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి తరఫున చెన్నైలో కూర్చుని ఆ కొద్ది గడులను నింపిన అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను గాని, వారి పేర్లు, ఊరు చెప్పడం లేదు.

నేను మద్రాసు హైకోర్టు ఎదుట తంబుచెట్టి వీధిలో ఒక సీనియర్ దగ్గర పనిచేసే న్యాయవాదిని. మాది గుమ్మిడిపూండి. ఆంధ్ర సరిహద్దుకు దగ్గర కావడంవల్ల మా వైపు చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. అక్కడే శ్రీలంక తమిళ శరణార్థుల శిబిరం ఒకటి ఎన్నో ఏళ్లుగా ఉంది. తమిళనాడులోని ఇటువంటి శిబిరాలకు 2021లో ప్రభుత్వం పునరావాస శిబిరాలని పేరు మార్చింది. ఆ శిబిరంలో ఉండే ఒకావిడ సిప్‌కాట్ పారిశ్రామికవాడలో మా తెలుగు ఆడవాళ్లతో కలిసి పనిచేసేది, మా అమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకునేది, ఆ సావాసంలో తెలుగు కూడా పట్టుబడింది. 2006లో యుద్ధం మళ్లీ రాజుకున్నప్పుడు ఆవిడ అత్తగారి కుటుంబంతో పడవలో ఇటు వచ్చేసింది. తల్లి, తమ్ముడు ఉత్తర శ్రీలంకలోని వన్ని ప్రాంతంలోనే ఉండిపోయారు.

2018లో ఆ తల్లి కంటి ఆపరేషన్ కోసం వైద్య వీసా మీద చెన్నైకి వచ్చింది. అప్పుడే కూతురు నన్ను అడిగింది. “అక్కా, అమ్మ ఇక్కడుండగానే తమ్ముడి సంగతి ఎక్కడైనా రాసి పెట్టించాలి. ఊళ్లో అయితే నోరు విప్పదు. ఏదైనా కాగితం పెట్టామంటే చాలు, ఎవరో ఒకరు ఇంటికొచ్చి ఎందుకు పెట్టావని అడుగుతుంటారు.” వీసా గడువు ఎక్కువ లేదు కనుక, ఏ తలుపు తట్టాలో మొదటే తేల్చుకోవలసి వచ్చింది.

మా సీనియర్‌కు ఈ వ్యవహారాల్లో అనుభవం ఉంది. ఆయన ఒక్కొక్క దారినీ చెప్పి, ఒక్కొక్కదాన్నీ పక్కన పెట్టారు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక కింద మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేసే వీలును శ్రీలంక 1997లో అంగీకరించింది గాని, 2006లో సింగరాస కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ అంగీకారమే రాజ్యాంగబద్ధం కాదని తేల్చింది. పైగా ఆ కమిటీ ముందుకు వెళ్లాలంటే స్వదేశంలోని కోర్టులన్నీ ముగించుకుని రావాలి. బలవంతపు అదృశ్యాల ఒప్పందాన్ని శ్రీలంక 2016లో ఆమోదించింది. అయితే ఆ ఒప్పందం కింద ఏర్పడిన కమిటీ, అది ఆ దేశంలో అమలులోకి వచ్చిన తర్వాత మొదలైన అదృశ్యాలనే విచారిస్తుంది. మా సంగతి 2009 నాటిది. చివరికి మిగిలింది 1980లో ఏర్పడిన కార్యవర్గం. అందులో వేర్వేరు ప్రాంతాలకు చెందిన ఐదుగురు నిపుణులుంటారు. స్వదేశంలో కోర్టుకు వెళ్లి వచ్చావా అని అది అడగదు, పాత కేసు అని తిప్పి పంపదు. ఎవరు దోషో తేల్చదు, శిక్ష వేయదు, పరిహారం ఇప్పించదు. ప్రభుత్వాన్ని ఒక్కటే ప్రశ్న అడుగుతుంది, మనిషి ఎక్కడున్నాడని. ఆ జవాబు వచ్చేదాకా దస్త్రం మూయదు. “దానివల్ల ఒరిగేదేమిటి?” అని నేను అడిగితే, “లేడనడానికి వాళ్లకు ఇంకొక కాగితం అడ్డం” అన్నారాయన. అప్పుడది నాకు చాలా చిన్న ప్రయోజనంగానే తోచింది.

వాంగ్మూలం తీసుకోవడం మొదలుపెట్టగానే తేదీ దగ్గర ఆగిపోయాం. ఆ అమ్మకు క్యాలెండరు తేదీలతో పని లేదు. కదిలిపోయిన చోట్లతోనే ఆమె కాలాన్ని కొలుస్తుంది. విశువమడులో బంకరు తవ్వుకున్నది, పుదుక్కుడియిరుప్పులో ఆస్పత్రి మీద షెల్లు పడ్డది, పుదుమాత్తళన్ ఇసుకలో టార్పాలిన్ కట్టుకున్నది, ఈ వరుసలో చెబుతుంది. మన ఇళ్లలోనూ పెద్దవాళ్లు పండగలనుబట్టి ఎన్నో సంగతులు చెబుతారు కనుక ఆ దారినే పట్టుకున్నాను. కొడుకును పులులు వచ్చి తీసుకుపోయింది ఎప్పుడని అడిగితే, తైపూసం దాటిన తర్వాత, మాత్తళన్ వైపు వెళ్లమని జనానికి చెప్పిన రోజుల్లో అన్నది. ఆ తీరాన్ని ప్రభుత్వం రెండవ కాల్పుల రహిత ప్రాంతంగా ప్రకటించింది 2009 ఫిబ్రవరి 12న; ఆ ఏడాది తైపూసం అంతకు ముందు కొద్ది రోజులే. రెండూ సరిపోయాయి. అందుకని ఫిబ్రవరి మధ్యభాగం అని రాశాం, రోజు రాయలేదు. కొడుకును సైన్యానికి అప్పగించిన రోజు విషయంలో ఆమెకు పట్టు దొరికిన ఆనవాలు మరొకటి. మరునాడు ఓమందైలో తనిఖీకి కూర్చోబెట్టినప్పుడు పులుల నాయకుడు ప్రభాకరన్ మృతదేహం బొమ్మను ఒక సైనికుడు ఫోనులో అందరికీ చూపించాడట. ఆ మృతదేహాన్ని ప్రభుత్వం చూపించింది మే 19న. కాబట్టి అప్పగించినది మే 18, సోమవారం.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. పిల్లవాడిని మొదట తీసుకుపోయినది ఎల్‌టీటీఈ. అప్పటికి అతనికి పదిహేడేళ్లు నిండాయి, పద్దెనిమిది రాలేదు. ఇంటికి ఒకరు రావాలన్న నిర్బంధం యుద్ధం చివరి నెలల్లో ఒకరితో ఆగలేదని, పారిపోతే గుర్తు పట్టేందుకు పట్టుకున్న పిల్లలకు జుట్టు కత్తిరించేవారని ఆమె చెప్పింది. శిబిరంలో కూతురికి పెద్దదిక్కుగా ఉండే ఒకాయన ఈ భాగం వదిలేయమన్నాడు. “సైన్యం మీద పెడుతున్న అర్జీలో మనవాళ్ల మాట ఎందుకు? వాళ్లకు సాకు దొరుకుతుంది” అన్నది ఆయన వాదన. ఆయన్ను తప్పు పట్టలేను. ఆ ఒక్క వాక్యం అడ్డం పెట్టుకుని, మీవాడు ఉగ్రవాది కదా అని ఎన్నో అర్జీలను పక్కకు నెట్టిన సంగతి ఆయనకు తెలుసు. అయితే ఆ తల్లి ఒప్పుకోలేదు. “ముందు ఎత్తుకుపోయింది వాళ్లే పిళ్ళై. నేను కాళ్లు పట్టుకున్నా వదల్లేదు. అది చెప్పకుండా తక్కినది ఎట్లా చెప్పేది?” అన్నది. ఈళం తమిళంలో పెద్దవాళ్లు చిన్నవాళ్లను పిలిచే తీరున ఆమె నన్ను పిళ్ళై అనే పిలిచేది.

నా అభిప్రాయమూ ఆమెదే. చట్టం కూడా ఆమె వైపే ఉంది. 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న మూడవ అధికరణం, ఒక దేశం లోపల జరిగే సాయుధ ఘర్షణలో పాల్గొనే ప్రతి పక్షానికీ వర్తిస్తుంది. సైన్యానికి ఎంత వర్తిస్తుందో తిరుగుబాటుదారులకూ అంతే. అంతర్యుద్ధాలపై మరిన్ని కట్టుబాట్లు పెట్టిన 1977 నాటి రెండవ అదనపు ప్రోటోకాల్‌లో శ్రీలంక చేరలేదు, మన దేశమూ చేరలేదు. అందుచేత ఈ ఒక్క అధికరణమూ, ఆనవాయితీగా స్థిరపడిన నియమాలూ ఎక్కువ బరువు మోయవలసి వస్తుంది. ఆయుధం పట్టనివారిని, ఆయుధం దింపినవారిని చంపకూడదు, హింసించకూడదు, బందీలుగా వాడుకోకూడదు, సరైన కోర్టు తీర్పు లేకుండా శిక్షించకూడదు అన్నది దాని సారం. ఎల్‌టీటీఈ పౌరులను బందీలుగా పట్టి ఉంచిందనీ, తప్పించుకోబోయిన వారిని కాల్చిందనీ, పిల్లలను బలవంతంగా చేర్చుకున్నదనీ, అదే సమయంలో కాల్పుల రహిత ప్రాంతాల మీదా ఆస్పత్రుల మీదా సైన్యం షెల్లు కురిపించిందనీ చెప్పే ఆరోపణలు నమ్మదగినవని ఐరాస ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల బృందం 2011లో తేల్చింది. చివరి నెలల్లో మరణించిన పౌరులు 40,000 వరకు ఉండవచ్చన్నదీ ఆ నివేదికే. ఒక పక్షం నేరం రెండవ పక్షం నేరానికి సంజాయిషీ కాదు. పిల్లవాడిని బలవంతంగా పట్టుకుపోయారన్న వాక్యం సైన్యానికి సాకు ఇవ్వదు సరికదా, వారి చేతికి వచ్చినవాడు మైనరు అని, తన ఇష్టంతో తుపాకి పట్టినవాడు కాడని నమోదు చేస్తుంది. ఈ మాట శిబిరంలోని పెద్దాయనకు చెబితే సగం మాత్రమే ఒప్పుకున్నాడు. వాక్యం మాత్రం అర్జీలో ఉండిపోయింది.

తర్వాతి భాగాన్ని ఆమె ఒకే ఊపున చెప్పింది. ఆ ఉదయం వట్టువాగల్ వంతెన దాటారు. నీళ్లలోనూ ఒడ్డునా శవాలున్నాయి. అంతకు కొద్ది రోజుల ముందే కొడుకు పులుల దగ్గర్నుంచి తప్పించుకుని తల్లిని చేరుకున్నాడు. జుట్టు ఇంకా పెరగలేదు. వంతెన అవతల ముళ్లకంచె వేసిన మైదానంలో జనాన్ని కూర్చోబెట్టారు. మైకులో తమిళంలో ప్రకటన చేశారు. ఒక్కరోజు ఉద్యమంలో ఉన్నవారైనా సరే ముందుకు వచ్చి పేరు రాయించుకోవాలి, విచారించి వదిలేస్తాం, దాక్కుంటే మాత్రం తర్వాత మా బాధ్యత లేదు. కత్తిరించిన జుట్టు ఎట్లాగూ పట్టిస్తుందని తల్లే కొడుకును చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరకు తీసుకువెళ్లింది. సివిల్ దుస్తుల్లో ఉన్న ఒకడు పేరు రాసుకున్నాడు, పక్కన యూనిఫారంలో సైనికులున్నారు. పిల్లవాడిని బస్సు ఎక్కించారు. కాళ్లకు చెప్పులు లేవు. కిటికీలోంచి నీళ్లసీసా అందిస్తే సగం తాగి తిరిగి ఇచ్చాడు, నువ్వు తాగు అని. బస్సు ముల్లైత్తీవు వైపు వెళ్లింది. ఆమెను ఓమందై మీదుగా మెనిక్ ఫామ్ నిర్బంధ శిబిరానికి పంపారు. రెండు లక్షల మందికి పైగా నిర్వాసితులను కంచెల మధ్య ఉంచిన చోటు అది.

ఈ కథనంలో చట్టానికి కావలసినది ఏది అన్నది తేల్చడం నా పని. ఏ దళం అన్న గడిలో ఏం రాయాలన్నది పెద్ద చర్చ అయింది. ఆ ప్రాంతంలో ఏయే డివిజన్లు పనిచేశాయో నివేదికల్లో ఉంది. లొంగిపోయినవారి జాబితా తమ దగ్గర ఉందని 58వ డివిజన్ అధికారి ఒకరు ముల్లైత్తీవు మెజిస్ట్రేటు కోర్టులో చెప్పిన సంగతీ మాకు తెలుసు. కాని ఆ అమ్మకు డివిజన్ల పేర్లు తెలియవు. ఆమె చూసినది యూనిఫారం, బల్ల, రాసుకున్న పుస్తకం, బస్సు. ఆమె చూడనిదాన్ని ఆమె నోట పెట్టకూడదని, శ్రీలంక సైన్యం అని మాత్రమే రాశాం. పుస్తకంలో పేరు రాసుకున్నారన్నది మాత్రం విడిగా, ఒక పేరా కింద పెట్టాం. నా దృష్టిలో మొత్తం అర్జీకి ప్రాణం అదే. పేరు రాసుకున్నవాడికి ఆ పేరుకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఉంటుంది.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. మణిపూర్‌లో 1982 మార్చిలో ఇద్దరిని సైనిక శిబిరానికి తీసుకువెళ్లారు, వారు ఇంటికి తిరిగి రాలేదు. పంపించేశామని సైన్యం అన్నది. సెబాస్టియన్ హోంగ్రే కేసులో మన సుప్రీంకోర్టు ఆ మాట నమ్మలేదు. చివరిసారి మీ ఆధీనంలో కనిపించారు కనుక మీరే కోర్టులో హాజరు పరచాలని హెబియస్ కార్పస్ రిట్ జారీ చేసింది. హాజరు పరచలేకపోయినప్పుడు, 1984లో, ఆ ఇద్దరి భార్యలకు చెరొక లక్ష రూపాయలు చెల్లించమన్నది. తెలుగు నేల మీద కూడా, పోలీసులు తీసుకుపోయినవాడు ఎన్‌కౌంటర్ వార్తగా పేపర్లో రాకముందే కోర్టులో నిలబెట్టించాలని ఎందరు తల్లిదండ్రులు, ఎందరు పౌరహక్కుల లాయర్లు రాత్రికి రాత్రి హెబియస్ కార్పస్ పిటిషన్లు టైపు చేయించారో మా సీనియర్ తరచూ చెప్పేవారు. అయినా మన దేశం గొప్ప చెప్పుకోవడానికి లేదు. బలవంతపు అదృశ్యాల ఒప్పందం మీద 2007లో సంతకం చేసి, ఇంకా ఆమోదించలేదు. మన శిక్షాస్మృతిలో అదృశ్యం చేయడం అన్నది ప్రత్యేక నేరంగా లేదు. శ్రీలంక ఆ మేరకు 2018లో చట్టం చేసింది. చట్టం చేయడం వేరు, బల్ల దగ్గర కూర్చుని పేరు రాసుకున్నవాడిని కోర్టుకు పిలవడం వేరు.

వెతికిన చోట్ల వివరాలకు ఆమె తెచ్చిన ప్లాస్టిక్ సంచీయే ఆధారం. అందులో పుట్టిన సర్టిఫికెట్టు, రెడ్‌క్రాస్‌కు ఇచ్చిన వివరాల చీటీ, మానవ హక్కుల కమిషన్‌లో ఫిర్యాదు రసీదు, 2010లో వేసిన కమిషన్‌కు ఒకటి, 2013లో వేసిన కమిషన్‌కు మరొకటి, పునరావాస కేంద్రాల్లో పేరు లేదని చెప్పిన ఒక ఉత్తరం ఉన్నాయి. ఫొటో మాత్రం ఒక్కటే. బడిలో తీసిన గ్రూప్ ఫొటోలోంచి తల వరకు కత్తిరించి లామినేషన్ చేయించినది. పక్క కుర్రవాడి భుజం సగం అందులోనే ఉండిపోయింది, ఉప్పునీటికి ఒక మూల తెల్లబారింది. దాన్ని స్కాన్ చేస్తున్నప్పుడు జిరాక్స్ షాపతను భుజాన్ని తీసేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. ఒక కమిషన్ ముందు ఆమె కొడుకు గురించి చెబుతుంటే, మధ్యలో ఆపి మేకలు కావాలా కోళ్లు కావాలా అని అడిగారట. మరొకచోట, చనిపోయినట్టు రాసిస్తే మరణ ధ్రువపత్రం, కొంత సొమ్ము వస్తాయన్నారు. 2010 నాటి తాత్కాలిక చట్టం కింద అటువంటి మరణ నమోదుకు వీలుంది. 2016లో దానికి సవరణ చేసి, చనిపోయాడని అనకుండానే గైరుహాజరు ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి తెచ్చారు. ఆమె అప్పటికి రెండూ తీసుకోలేదు. 2017 ఫిబ్రవరి నుంచి కిళినొచ్చిలోనూ వవునియాలోనూ రోడ్డు పక్కన పందిళ్లు వేసుకుని కూర్చున్న తల్లుల మధ్య ఆమె కూడా వీలైనప్పుడల్లా వెళ్లి కూర్చుంటుంది.

కార్యవర్గానికి నోటరీ ముద్ర అక్కర లేదు. కాని రేపు అక్కడి కోర్టులోనో, తప్పిపోయినవారి కార్యాలయంలోనో ఈ వాంగ్మూలం పనికిరావచ్చు కనుక ప్రమాణపత్రంగా కూడా చేయిద్దామని సీనియర్ అన్నారు. హైకోర్టు పక్కనున్న ఒక నోటరీ మొదటి పేజీ తిప్పి, ఎల్‌టీటీఈ అన్న పేరు చూడగానే కాగితాలు వెనక్కి నెట్టేశాడు. ఆ సంస్థ మన దేశంలో 1992 నుంచీ నిషేధంలో ఉన్నమాట నిజమే. అయితే ఆ సంస్థ తన బిడ్డను ఎత్తుకుపోయిందని ఒక తల్లి ప్రమాణం చేస్తుంటే దానికి ముద్ర వేయడం నిషేధానికి ఏ విధంగా విరుద్ధమో ఆయన చెప్పలేదు, నేను వాదనకు దిగలేదు. మరొక నోటరీ, పెద్దావిడ, మొత్తం చదివి, తల్లిని రెండు ప్రశ్నలు అడిగి, ముద్ర వేసి, ఫీజు వద్దన్నది.

ఆపరేషన్ అయిన కంటికి నల్ల అద్దాలు ఉండడంవల్ల ఆ అమ్మ చదువుకోలేదు. ఇంగ్లీషులో రాసినదంతా నేను వాక్యం వాక్యంగా తమిళంలో చెప్పాను. ఆమె నన్ను మూడు చోట్ల ఆపింది. ముళ్లకంచె వంతెనకు ఇవతల అని రాశారు, కాదు, అవతల. పేరు రాసుకున్నవాడికి తమిళం వచ్చు, అది రాయి. సగం తాగి తిరిగి ఇచ్చాడన్నది తీసెయ్యి, అది వాళ్లకు ఎందుకు? తీసేశాను. ఇక్కడ రాయవచ్చా అని ఈ మధ్య ఫోనులో అడిగితే, మనవాళ్లకైతే చెప్పు అన్నది.

అర్జీదారు వివరాలు గోప్యంగా ఉంచమని కోరే వీలుంది. కూతురు ఉంచమన్నది. తల్లి తిరిగి వెళ్లవలసింది ఆ ఊరికే, సైనిక శిబిరం ఉన్నది ఆ దారిలోనే. నేను కూడా గోప్యతకే మొగ్గాను. తల్లి ఏమన్నదంటే, కొడుకు పేరు చూడగానే తల్లి ఎవరో వాళ్లకు తెలుస్తుంది, నా పేరు దాచడం ఎవరి కోసం? చివరికి ఆమె పేరే పెట్టి, ఉత్తరప్రత్యుత్తరాలకు మాత్రం మా ఆఫీసు ఈమెయిల్ ఇచ్చాం. అది ఎంత ముఖ్యమో తర్వాత తెలిసింది. ప్రభుత్వం ఏదైనా నిర్దిష్టమైన సమాచారం ఇస్తే కార్యవర్గం దాన్ని కుటుంబానికి పంపి అభిప్రాయం అడుగుతుంది. ఆరు నెలల్లో జవాబు రాకపోతే కేసు తేలిపోయినట్టే లెక్క. శిబిరాల్లో ఇళ్లు మారుతుంటాయి, ఫోను నంబర్లు మారుతుంటాయి. ఉత్తరం అందక కేసు మూతపడితే అంతకంటె అన్యాయం ఉండదు.

పంపిన కొంతకాలానికి అందినట్టు మెయిలు వచ్చింది. కార్యవర్గం ఏడాదికి మూడుసార్లు సమావేశమవుతుంది. ఆ తర్వాత, కేసును శ్రీలంక ప్రభుత్వానికి పంపామని, ఫలానా నంబరు అని ఉత్తరం వచ్చింది. ఆ నంబరు చూసినప్పుడు, ఆ దేశం నుంచి అక్కడికి చేరిన వేల పేర్లు గుర్తుకొచ్చాయి. అత్యధిక కేసులున్న దేశాల్లో శ్రీలంక ఒకటి. అవన్నీ తమిళులవే అని మనం అనుకుంటాం. 1987 నుంచి 1990 వరకు సింహళ వామపక్ష పార్టీ జేవీపీ చేసిన తిరుగుబాటును అణచిన రోజుల్లో దక్షిణాన మాయమైన సింహళ యువకులు వేల సంఖ్యలో ఉన్నారు. అప్పటి అత్యవసర నిబంధనలు శవపంచాయితీ లేకుండానే మృతదేహాలను దహనం చేసే అధికారం భద్రతా దళాలకు ఇచ్చాయి. అప్పుడు ఎవరినీ శిక్షించకపోవడంవల్లే ఉత్తరాన అదే పద్ధతి కొనసాగిందని నేను అనుకుంటాను. చట్టాన్ని పక్కన పెట్టే అలవాటుకు జాతిభేదం లేదు.

ప్రభుత్వం నుంచి పనికొచ్చే జవాబు ఇంతవరకు లేదు. కేసు తెరిచే ఉంది. 2022 డిసెంబరులో వవునియా హైకోర్టు, అదే మే 18న లొంగిపోయిన ఒక ఎల్‌టీటీఈ రాజకీయ నాయకుడి విషయంలో, ఆయన్ను హాజరు పరచమని సైన్యాన్ని ఆదేశించింది. ఆయన భార్య వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్ మీద ఏళ్ల తరబడి విచారణ జరిగాక వచ్చిన ఉత్తర్వు అది. ఆ వార్త చదివిన రోజే కూతురు మా ఇంటికి వచ్చి, తమ్ముడికీ అట్లా వేయవచ్చా అని అడిగింది. వేయవచ్చు. మన ప్రమాణపత్రం అక్కడ పనికి వస్తుంది. అయితే పిటిషనర్‌గా తల్లి అక్కడ కోర్టుకు తిరగాలి, లాయరు కావాలి, వాయిదాలకు బస్సు చార్జీలు కావాలి. ఆమెకు ఇప్పుడు ఒక కన్ను బాగా పనిచేస్తుంది, మోకాళ్లు పనిచేయవు.

ఈలోగా తప్పిపోయినవారి కార్యాలయం నుంచి ఆమెకు విచారణకు రమ్మని పిలుపు వచ్చింది. 2016 చట్టం కింద ఏర్పడిన ఆ కార్యాలయానికి నేరవిచారణ అధికారం లేదు గాని, గైరుహాజరు ధ్రువపత్రానికి సిఫారసు చేస్తుంది. అది తీసుకుంటే జెనీవా కేసు మూసేస్తారా అని తల్లి ఫోనులో అడిగింది. కుటుంబం ఒప్పుకోకుండా దాని ఆధారంగా కార్యవర్గం కేసు మూయదని చెప్పాను, అదే మాట రాతపూర్వకంగా కార్యవర్గానికి కూడా ముందే పంపించాను. కూతురు తీసుకోమంటోంది. తండ్రి పేర ఉన్న పొలంలో తమ్ముడి వాటా తేలితే తప్ప తల్లికి బ్యాంకు అప్పు పుట్టదు, కౌలుకు ఇవ్వడానికీ కుదరదు. తల్లి మాత్రం ఆ కాగితంలో ఎవరి దగ్గర నుంచి గైరుహాజరో రాస్తారా అని అడుగుతోంది. ఆ గడి అందులో లేదు. ప్రస్తుతానికి ఆమె విచారణకు వెళ్లి, 2009 మే 18న పేరు రాసుకున్న పుస్తకం నకలు ఇప్పించమని రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకుని వచ్చింది. ఆ రసీదు స్కాన్ నాకు పంపింది, నేను దాన్ని కేసు నంబరు వేసి జెనీవాకు పంపాను.